సరే అంటే ఒకటి

“రాజనీతి శాస్త్ర పరిశోధనా పద్ధతులు: వేసవి ఇంటెన్సివ్ శిక్షణ” అని గుమ్మం మీద బ్యానర్ కట్టారు. ఇంటెన్సివ్ అంటే ఏమిటో లోపలికి అడుగు పెట్టగానే తెలిసింది. ఏసీ పనిచేయదు. ఏసీ గది కాబట్టి కిటికీలు తెరవకూడదు. పొద్దున్న కూర్చున్న మనిషి సాయంత్రం దాకా కుర్చీలోంచి లేవకూడదు. పిల్లలకి సెలవులిచ్చిన కాలేజీలో మమ్మల్ని మాత్రం పట్టుకొచ్చి కంప్యూటర్ల ముందు కుదేశారు. నా ఎదుటి గోడకి ఎవరో నమిలిన చూయింగ్ గమ్ అంటించి పోయారు, దాని మీద పళ్ళ గాట్లు కూడా కనబడుతున్నాయి. శిక్షణ అయ్యేలోగా ఎవరైనా పీకుతారేమోనని చూశాను. ఎవరూ పీకలేదు.

నేను పార్ట్‌టైం లెక్చరర్ని. ఏళ్ళ తరబడి మా ఊళ్ళో అదే కాలేజీలో అదే రాజనీతి పాఠం చెబుతున్నా ఇప్పటికీ పార్ట్‌టైమే. ఈ శిక్షణ సర్టిఫికెట్ ఉంటే తప్ప పీహెచ్‌డీలో చేర్చుకోరు, పీహెచ్‌డీ ఉంటే తప్ప పర్మనెంట్ చేయరు. అందుకే వచ్చాను. జ్ఞానతృష్ణతో వచ్చానని చెబితే నా నోరే నన్ను చూసి నవ్వుతుంది.

బయల్దేరే ముందు మా అత్తగారితో, “ఈ వేసవంతా ఇంట్లో ఉండనత్తయ్యా, శిక్షణకి వెళ్ళాలి,” అన్నాను. ఆవిడ కూర తరుగుతోంది. తలెత్తకుండా “సరే” అంది. ఆ తర్వాత చెక్క మీద కత్తి చప్పుడు రెట్టింపయింది. నేను గడప దాటేదాకా ఆవిడ మళ్ళీ నాతో మాట్లాడితే ఒట్టు. మా ఆయన మాత్రం “అమ్మ ఒప్పుకుందిగా, ఇంకేంటి నీ ఏడుపు?” అన్నాడు. పాపం, ఆయన కూడా ఈ శిక్షణకి పనికొచ్చే మనిషే.

శిక్షణ నడిపే ప్రొఫెసర్‌కి మేం పెట్టుకున్న పేరు పద్ధతిగారు. ఆయన నోట్లోంచి ఏ మాట వచ్చినా దానికి ముందొక పద్ధతి, వెనకొక పద్ధతి. “పద్ధతి గట్టిగా ఉంటే మనిషితో పన్లేదమ్మా,” అనేవాడు, అదేదో గొప్ప సంగతైనట్టు. టీ కప్పులో వేలు ముంచి, పైన కట్టిన మీగడ తీసి, కూర్చున్న కుర్చీ అంచుకే రాసేవాడు. రోజుకి నాలుగు సార్లు టీ. ఆ అంచున మీగడ పొర మీద పొర ఎండిపోయి అట్ట కట్టింది. దానికి చేయి ఆనించి నిలబడి, “డేటా శుభ్రంగా ఉండాలి,” అని మాకు చెప్పేవాడు. నేను ఆ కుర్చీకి దూరంగా జరిగేదాన్ని.

మాలో ఇద్దరిద్దరిని ఓ జంట చేశారు. నా వంతుకి వచ్చిన కుర్రాడు పక్క జిల్లా కాలేజీలో లైబ్రరీ పని చూస్తూ చదువుకుంటున్నాడు. ఎవరేం చెప్పినా “సరేనండి” అంటాడు. ముందు వరుసలోంచి లేచి వెనక కూర్చోమంటే సరేనండి. పద్ధతిగారి సంచీ కారులో పెట్టమంటే సరేనండి. గది ఊడ్చే మనిషి రాలేదు, ఓసారి కుర్చీలు సర్దమంటే సరేనండి. అందరూ వాణ్ణి “ఏయ్ సరేనండీ!” అనే పిలిచేవాళ్ళు, దానికీ వాడు సరేనండి అనేవాడు. నన్ను అక్కా అనేవాడు. మనిషన్నాక ఒక్కసారైనా చిరాకు పడడా అని నాకు వాణ్ణి చూస్తే చిర్రెత్తేది.

మా పనేమిటంటే, రోడ్డు వెడల్పు చేయడానికి ఓ వీధి మొత్తం ఖాళీ చేయించాలట. ఆ వీధివాళ్ళు ఒప్పుకుంటున్నారో లేదో తేల్చి చెప్పమని రోడ్ల ఆఫీసు పద్ధతిగారికి అప్పజెప్పింది. ఆయన మనుషుల్ని ఇంటింటికీ పంపి మాట్లాడించాడు, రికార్డు చేయించాడు, ఆ మాటల్ని కాగితాల మీదకి ఎక్కించాడు. ఇక ఆ కాగితాలు చదివి ఒప్పుకున్నవాళ్ళకి ఒకటి, ఒప్పుకోనివాళ్ళకి సున్నా వేసే పని మా నెత్తిన పెట్టాడు. దాన్నే కోడింగ్ అంటారు. శిక్షణ పేరుతో ఊరికే చాకిరీ. ముగింపు రోజున రోడ్ల ఆఫీసు పెద్దాయన స్వయంగా వచ్చి నివేదిక పట్టుకెళతాడు. ఎక్కువమందికి ఒకటి పడితే ఆ వీధి లేచిపోతుంది.

ఒకరు వేసిన అంకె ఒకరికి చూపించకుండా, జంటలో ఇద్దరం విడివిడిగా వేయాలి. చివర్లో రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఇద్దరిదీ ఒకటే అంకె అయితే ఏకాభిప్రాయం, ఆ గడి పచ్చగా వెలుగుతుంది. తేడా వస్తే ఎర్రగా. ఏ మాటకి ఏ అంకె వేయాలో చెప్పడానికి కోడుబుక్కు అని ఓ పుస్తకం ఇచ్చారు. “ఒప్పుకుంటున్నాను: ఒకటి. అలాగే: ఒకటి. సరే: ఒకటి.”

సరే అంటే ఒకటట! ఈ పుస్తకం రాసినవాడు ఏ ఇంట్లో పెరిగాడో! పెళ్ళాం “సరే, మీ ఇష్టం” అన్నాక హాయిగా నిద్రపోయే రకమై ఉంటాడు.

అయినా నోరు మూసుకుని అంకెలు వేస్తూ పోయాను. అందులో పదిహేడో నంబరు దగ్గర ఆగాను. ఆవిడ బట్టలు కుట్టే మనిషి, ఇల్లూ కొట్టూ ఒకటే. కాగితం మీద ఇలా ఉంది.

ప్రశ్న: ఖాళీ చేయడానికి మీకు అభ్యంతరం లేదు కదా?

జవాబు: సరే.

ఇదెక్కడి జవాబు? అభ్యంతరం లేదు కదా అని అడిగితే లేదు అంటారు, కాదంటే ఉంది అంటారు. సరే అని ఎవరంటారు? ప్రశ్నకీ జవాబుకీ పొత్తు కుదరడంలేదు. మధ్యలో ఏదో ఎగిరిపోయింది. రికార్డింగులన్నీ కంప్యూటర్లోనే ఉన్నాయి, కానీ కాగితాలుండగా వినే ఓపిక ఎవరికి? నేను హెడ్‌ఫోన్లు తెచ్చుకున్నాను. అవి ఎవరి చెవుల మురికితోనో జిడ్డోడుతున్నాయి. కొంగుతో తుడిచి పెట్టుకున్నాను.

ముందు కుట్టుమిషను చప్పుడు. దాని మీదుగా ఆవిడ గొంతు. “ఖాళీ చేసి ఎక్కడికి పొమ్మంటారు?”

“అది తర్వాత చెప్తారమ్మా. అభ్యంతరం లేదు కదా?”

“ఎందుకు లేదూ? నా గిరాకీ అంతా ఈ వీధే. ఇంకో చోటికి పోతే నా మొహం ఎవరికి తెలుసు?”

అడిగినవాడు నవ్వాడు. “ఉంది అని రాసుకున్నాననుకోండి, పై ఆఫీసు నుంచి మళ్ళీ మళ్ళీ వస్తారు. పని మానుకుని వాళ్ళకి జవాబు చెప్పుకుంటూ కూర్చోవాలి. అంత దూరం దేనికమ్మా? లేదు అని రాసేసుకుంటాను, ఏం?”

మిషను ఆగిపోయింది. బయట ఎవరో సైకిల్ బెల్లు కొట్టారు. ఎవరో ఆడమనిషి “నా బట్టలయ్యాయా?” అని గుమ్మంలోంచి అడిగింది. చాలాసేపటి తర్వాత ఆవిడ “సరే” అంది. వెంటనే మిషను మళ్ళీ మొదలైంది, ఇందాకటికన్నా జోరుగా. మా అత్తగారి కత్తి చప్పుడు నా చెవిలో పడినట్టయింది.

మధ్యలో మాటలన్నీ ఏమయ్యాయని చూస్తే, కాగితం అడుగున చిన్న అక్షరాల్లో “అనవసర సంభాషణ తొలగించబడింది” అని ఉంది. థూ అనాలనిపించింది. నా గిరాకీ అంతా ఈ వీధే అన్న మాట అనవసరమట.

కాగితం పట్టుకుని పద్ధతిగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన టీ ముందు పెట్టుకుని ఉన్నాడు.

“సార్, పదిహేడో నంబరావిడ ఒప్పుకోలేదు. రికార్డింగు వినండి.”

“కోడుబుక్కు ఏమంటోందమ్మా?”

“సరే అంటే ఒకటి అంటోంది. కానీ ఆవిడ అన్న తీరు...”

“తీరు డేటా కాదు.” వేలితో మీగడ తీశాడు. “రాసిందే డేటా. నువ్వు విన్నది నీ అభిప్రాయం.”

“ఒక్కసారి వింటే మీకే తెలుస్తుంది సార్.”

“నేను వింటాను సరే. దీనికి సున్నా వేస్తే, మిగతా సరేలన్నీ కూడా వినాలి కదా? ఎవరు వింటారు? నువ్వు వింటావా? పెద్దాయన వచ్చే టైముకి ఇస్తావా?” మీగడ కుర్చీకి రాశాడు. “పద్ధతిగా ఉండమ్మా. చదువుకున్నదానివి.”

అంటే సంగతి ఆయనకి తెలుసు. తెలియక చేస్తున్నాడేమో, విప్పి చెబితే సర్దుకుంటాడేమో అనుకుని వెళ్ళాను చూడండి, నా తెలివి తెల్లారినట్టే ఉంది. అరికాలి మంట నెత్తికెక్కింది. తిరిగొచ్చి పదిహేడు పక్కన సున్నా వేశాను.

సరేనండి చేతికి హెడ్‌ఫోన్లు ఇచ్చి వినమన్నాను. విన్నాడు. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద మెల్లగా పెట్టాడు.

“ఏం వేశావు?”

“ఎప్పుడో ఒకటి వేసేశానక్కా. పుస్తకంలో అలాగే ఉంది కదా.”

“ఇప్పుడు విన్నావుగా? మార్చు!”

“ఒకసారి పంపేశాక మార్చకూడదన్నారు కదక్కా.”

“నీకసలు వెన్నెముక ఉందా, లేక వచ్చేటప్పుడు ఇంట్లో మర్చిపోయొచ్చావా?”

“సరేనక్కా,” అన్నాడు, తల దించుకుని. దీనికి కూడా సరేనా! ఛీ, వీడితో మాట్లాడటం కన్నా ఆ గోడ మీది చూయింగ్ గమ్‌తో మాట్లాడటం నయం అనుకున్నాను.

సాయంత్రం మా ఆయనకి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. ఆయన ఊ కొడుతూ విన్నాడు. “ఒక్క గడి కోసం సర్టిఫికెట్ పోగొట్టుకుంటావా? వాళ్ళేదో ఏడుస్తారు, సరే అనేసి రా. పాప నిన్ను అడుగుతోంది,” అన్నాడు. వెనకాల మా అత్తగారు గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు బట్టి నా మీద కోపం ఇంకా తగ్గలేదని తెలిసింది.

ముగింపు రోజు అందరూ ఇస్త్రీ బట్టలేసుకుని వచ్చారు. గదంతా సెంటు వాసన, దాని కింద చెమట వాసన. గోడ మీది తెర మీద మా జంటలన్నీ, మేం వేసిన అంకెలన్నీ కనబడుతున్నాయి. తెరంతా పచ్చగా కళకళలాడుతోంది. ఒక్క గడి మాత్రం ఎర్రగా ఉంది. పద్ధతిగారు దాన్ని తన అన్నంలో వెంట్రుక వచ్చినట్టు చూశాడు.

“ఎవరిదమ్మా ఇది? నీదేనా?”

“నాదే సార్.”

“మీ ఇద్దరూ చర్చించుకుని ఏకాభిప్రాయానికి రండి. అదే పద్ధతి. ఏమయ్యా సరేనండీ, నువ్వు ఒకటి వేశావు. ఒకటే కదా?”

“సరేనండి,” అన్నాడు వాడు.

“చూశావా? నీ జంటవాడు ఒప్పుకున్నాడు. పెద్దాయన బయల్దేరాడు. నివేదిక మొదటి పేజీలో పూర్తి ఏకాభిప్రాయం అని రాశాం. నీ ఒక్కదాని కోసం తొంభై తొమ్మిది శాతం అని రాయమంటావా? ఏం బావుంటుంది?”

“ఆవిడ ఒప్పుకోలేదు సార్.”

“అబ్బా, మళ్ళీ మొదటికొచ్చింది!” అన్నారెవరో వెనక నుంచి. ఇంకెవరో, “మేడమ్, భోజనాలు చల్లారిపోతున్నాయి, మాకు బస్సుంది,” అన్నారు. నిన్నటిదాకా నాతో కలిసి పద్ధతిగారి మీగడ చూసి ముక్కు చిట్లించిన పక్క కుర్చీ ఆవిడ కూడా, “పోనిద్దురూ, మనకెందుకొచ్చిన గొడవ,” అంటూ నా మోచేయి గిల్లింది.

పద్ధతిగారు గొంతు తగ్గించాడు. “అమ్మా, జంటలో ఏకాభిప్రాయం రాలేదంటే కోడింగ్ పూర్తి కానట్టు లెక్క. పూర్తి కాలేదంటే సర్టిఫికెట్ మీద నేను సంతకం పెట్టలేను. మళ్ళీ వచ్చే వేసవికి రావాలి. పాప ఉందన్నావు. అంత దూరం దేనికి?”

అంత దూరం దేనికి! అదే మాట. రికార్డింగులో ఆ కుట్టుమిషనావిడతో ప్రశ్నలడిగినవాడు అన్న మాటే. ఆ మాట పద్ధతిగారే వాడికి నేర్పి పంపాడా, వాడి దగ్గర ఈయన నేర్చుకున్నాడా? అందరి కళ్ళూ నా మీదే ఉన్నాయి. ఆ గదిలో ఒక్క క్షణం కూడా నిలబడాలనిపించలేదు. వాళ్ళ మొహాలు చూడబుద్ధి కాలేదు.

“సరే సార్,” అన్నాను. “మీ ఇష్టం.”

“హమ్మయ్య!” అన్నాడాయన. “ఏకాభిప్రాయం. వేసెయ్, ఒకటి వేసెయ్.” కంప్యూటర్ దగ్గరున్నవాడు గడి మీదకి బాణం తెచ్చాడు.

“సార్, అక్క ఒప్పుకోలేదండి.”

ఎవరా అని అందరూ వెనక్కి తిరిగారు. సరేనండి లేచి నిలబడి ఉన్నాడు.

“అదేంటయ్యా, ఇప్పుడే కదా సరే అంది? నీ చెవులేమైనా దొబ్బాయా?”

“సరే అన్నారండి. ఒప్పుకోలేదండి.”

“రెండిటికీ తేడా ఏంటి?”

“మొదటిరోజు నన్ను ముందు వరుసలోంచి లేవమన్నారు. సరేనండి అన్నాను. రోజూ మీ సంచీ మొయ్యమన్నారు. సరేనండి అన్నాను. అందరూ నన్ను సరేనండీ అని పిలుస్తున్నారు, దానికీ సరేనండి అన్నాను.” వాడు ఆగలేదు. “నేనెప్పుడూ దేనికీ ఒప్పుకోలేదండి. ఆ కుట్టుమిషనావిడ కూడా అంతేనండి. నాది కూడా సున్నాకి మార్చండి.”

నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వాడి సరే వినీ వినీ, వాడికి వెన్నెముక లేదని తేల్చేసింది నేనే కదా. వాడి సరేకి నేను వేసిందీ ఒకటే.

పద్ధతిగారి మొహం మాడింది. మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఇద్దరిదీ సున్నా అయితే అదీ ఏకాభిప్రాయమే, గడి పచ్చబడుతుంది. కానీ ఆ సున్నా పుస్తకానికి ఎదురు తిరుగుతుంది, మిగతా సరేలన్నీ దాని వెంట లేచి కూర్చుంటాయి. అది మా అందరికన్నా ఆయనకే బాగా తెలుసు. చివరికి ఆయన మొహం తేటపడింది.

“తీసెయ్,” అన్నాడు.

“ఏది సార్?” అన్నాడు కంప్యూటర్ దగ్గరివాడు.

“పదిహేడు. మొత్తం వరసే తీసెయ్. అస్పష్టమైన కేసు. అలాంటివి తీసేసే పద్ధతి ఉంది.”

వాడు మీట నొక్కాడు. పదహారు కింద పద్దెనిమిది వచ్చి కూర్చుంది. తెరంతా పచ్చబడింది. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు! ఇందాకటి దాకా ఆవిడ ఒప్పుకున్నట్టయినా ఉండేది. ఇప్పుడు ఆ వీధిలో ఆవిడ లేనేలేదు. మిషను లేదు, బట్టలయ్యాయా అని అడిగినావిడ కూడా లేదు. బయటికి పరిగెత్తి కొళాయి దగ్గర మొహం కడుక్కున్నాను.

సరేనండి నా వెనకే వచ్చాడు. కొళాయి తిప్పుతూ కట్టేస్తూ నిలబడ్డాడు.

“తమ్ముడూ, ఆరోజు నిన్ను అంత మాటన్నాను. ఏమీ అనుకోకు,” అన్నాను.

“సరేనక్కా,” అని, మళ్ళీ తనే నవ్వి, “ఇది నిజం సరేనే,” అన్నాడు. “అక్కా, తీసేసిన ప్రతి కేసుకీ కారణం రాయాలని ఆయనే చెప్పారు కదా? చివరి పేజీలో.”

నిజమే. పద్ధతుల్లో అదొక పద్ధతి. ఇన్ని రోజుల్లో ఆయన చెప్పిన వాటిల్లో నాకు పనికొచ్చింది అదొక్కటే.

వెనక్కి వెళ్ళేసరికి పద్ధతిగారు పళ్ళెం పట్టుకుని గబగబా తింటున్నాడు. పెద్దాయన కారు గేటు దగ్గరికి వచ్చేసిందట. “సార్, తీసేసిన కేసుకి కారణం రాయాలి. లేకపోతే పద్ధతి కాదు,” అన్నాను, వీలైనంత వినయంగా.

“అవునవును. నువ్వే రాసెయ్యమ్మా, త్వరగా,” అన్నాడు నోట్లో ముద్దతోనే. రెండు మెతుకులు నా చేతి మీద పడ్డాయి.

కూర్చుని నివేదిక చివరి పేజీలో రాశాను. “పదిహేడవ నంబరు తొలగించడమైనది. కారణం: ఆమె ఖాళీ చేయడానికి ఒప్పుకోలేదు. తన గిరాకీ అంతా ఈ వీధేనని చెప్పింది. మిగతావారి ‘సరే’లను మేము చదివామే తప్ప వినలేదు. రికార్డింగులు ఉన్నాయి.” కింద నేను సంతకం పెట్టాను. తమ్ముడు పెట్టాడు, పేరు పూర్తిగా రాసి మరీ పెట్టాడు. ఈ నాలుగు ముక్కలు చదివితే పద్ధతిగారు నా సర్టిఫికెట్ నా కళ్ళ ముందే చింపేస్తాడు. పెద్దాయన చదివితే ఏం చేస్తాడో నాకు తెలియదు. అయినా ఒక్క అక్షరం కూడా కొట్టేయలేదు.

పేజీ తీసుకెళ్ళి పద్ధతిగారి ముందు పెట్టాను. మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపిస్తోంది.

“ఏం రాశానో ఒకసారి చదువుతారా సార్?”

“సరే సరే, ఇటివ్వు,” అంటూ ఎడమ చేత్తో కాగితం లాక్కుని, ఒక్క ముక్క చదవకుండా సంతకం గీకేసి, నివేదిక చివర్లో దూర్చేసి, మూతి తుడుచుకుంటూ ఎదురెళ్ళి, నివేదిక పెద్దాయన చేతిలో పెట్టాడు.

నేనూ తమ్ముడూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆయన సరే అన్నాడు. ఆయన పుస్తకం ప్రకారమే దానికి ఒకటి వేసుకున్నాం.